రేవు పట్టణంలో చవక హోటలు ఎవరిది?

కరీబియన్ దేశమైన ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో నేను దిగిన హోటలు గురించి ఒక పర్యాటకుడు ఇంటర్నెట్‌లో రాసిన రివ్యూను ఈ మధ్య చదివాను. ఐదు నక్షత్రాలకు రెండు ఇచ్చాడు. కిటికీలోంచి సముద్రం కనిపించలేదని, నడిచి వెళ్లగలిగే దూరంలో బీచ్ లేదని, పొద్దున టిఫిన్ పెట్టలేదని, వరండాలో ఎవరివో అట్టపెట్టెలు అడ్డంగా ఉన్నాయని, అర్ధరాత్రి దాటినా వీధిలో చప్పుడు ఆగలేదని ఆయన ఫిర్యాదు. వీటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. నేనున్న రోజుల్లో కూడా అంతా ఇలాగే ఉంది. అయినా ఆ రెండు నక్షత్రాలు చూసినప్పుడు ఎవరికో అన్యాయం జరిగిందనిపించింది. ఆ అన్యాయం ఎవరికి, ఎలా జరుగుతోందని ఆలోచిస్తూ పోతే ఈ వ్యాసం తయారైంది.

రద్దీగా ఉండే రేవు పట్టణంలో చవక హోటలు పని మీద వచ్చి, పని చూసుకుని, మర్నాడో మూడోనాడో వెళ్లిపోయేవాళ్ల కోసం పుట్టిందని నా అభిప్రాయం. సెలవుల్లో ఊళ్లు చూడడానికి వెళ్లే మనబోటివాళ్లకు అక్కడ చోటు దొరకడం ఆ తరవాతి సంగతి. మన కొలతలతో దానికి మార్కులు వేయడం, ఆ మార్కుల మీదే దాని బతుకుదెరువు ఆధారపడడం మొదలయ్యాక, అది ఎవరి కోసం పుట్టిందో వారికి కొద్దికొద్దిగా దూరమవుతుంది. ఈ మాట అన్ని వైపుల నుంచీ నిలబడుతుందా అన్న విషయంలో నాకు అనుమానాలున్నాయి. వాటిని కూడా ఇక్కడే రాస్తాను.

ఇది బీచ్ ఊరు కాదు

కరీబియన్ అనగానే తెల్లటి ఇసుక, నీలి నీళ్లు, కొబ్బరిచెట్ల కింద కుర్చీ కళ్ల ముందు మెదులుతాయి. ట్రినిడాడ్ రాజధానిలో ఆ మూడూ లేవు. పట్టణం పారియా సింధుశాఖ ఒడ్డున ఉంది. దక్షిణ అమెరికా నుంచి ఒరినోకో నది తెచ్చి పోసే ఒండ్రు వల్ల అక్కడి సముద్రం ఏడాదిలో చాలాకాలం మురికి ఆకుపచ్చగా ఉంటుంది. రేవు దగ్గర మనం నడిచే నేలలో చాలా భాగం ఒకప్పటి సముద్రమే, పూడ్చి నేల చేశారు. సముద్రస్నానం చేయాలంటే ఉత్తరాన ఉన్న కొండలు దాటి మరకాస్ తీరానికి వెళ్లాలి. ఆ మలుపుల దారిలో కారుకు కూడా ముప్పావు గంట, ట్రాఫిక్ ఉంటే అంతకన్నా ఎక్కువే పడుతుంది. చమురు, సహజవాయువు ఈ దేశానికి ప్రధాన ఆదాయం. ఈ దేశంలోనే పర్యాటకుల కోసం తీర్చిదిద్దుకున్న ద్వీపం పక్కనున్న టొబాగో.

ఆ ఊళ్లో పెద్ద హోటళ్లు కూడా ప్రధానంగా పని చుట్టూ కట్టినవే. 1962లో తెరిచిన హిల్టన్ కొండవాలు మీద ఉంటుంది. రిసెప్షన్ పైన, గదుల అంతస్తులు కిందికి ఉండడంతో దాన్ని తలకిందుల హోటలని పిలుస్తారు. రైట్‌సన్ రోడ్డులో, రేవు పక్కనే, 428 గదులతో హయత్ 2008లో మొదలైంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అమెరికా ఖండాల దేశాధినేతల శిఖరాగ్ర సమావేశం అక్కడే జరిగింది. పాయింట్ లీసాస్‌లోని అమ్మోనియా, మెథనాల్ కర్మాగారాల పని మీద నాలాంటివాళ్లు ఎందరో ఆ దేశం వెళుతుంటారు. కంపెనీ ఖర్చు మీద ఉన్నన్నాళ్లు నేను కూడా పెద్ద హోటల్లోనే ఉన్నాను. పొద్దున టిఫిన్ దగ్గర మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న ఇంజనీర్లు, బ్యాంకు అధికారులు తప్ప టోపీ పెట్టుకున్న పర్యాటకుడు ఎవరూ కనిపించేవారు కాదు. దాన్ని తప్పు పట్టాలని ఎవరికీ తోచదు. పెద్ద హోటలు పనివాళ్లతో నిండితే బిజినెస్ హోటలంటాం, చిన్న హోటలు పనివాళ్లతో నిండితే నాసిరకమంటాం. నాకున్న అభ్యంతరం ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

పని ముగిశాక సొంత ఖర్చుతో మరి కొన్ని రోజులు ఉండాలనుకుని, ఇండిపెండెన్స్ స్క్వేర్‌కు ఉత్తరాన, షార్లట్ స్ట్రీట్ కూరగాయల బజారుకు దగ్గరగా ఉన్న ఒక మూడంతస్తుల చవక హోటలుకు మారాను. దాని పేరు రాయడం లేదు. కారణం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

అక్కడ దిగేవాళ్లు

ఆ హోటలు ఎక్కడుందో చూస్తేనే ఎవరి కోసం ఉందో తెలిసిపోతుంది. దక్షిణంగా పది నిమిషాలు నడిస్తే సౌత్ కీలో సిటీ గేట్ వస్తుంది. అది పాత రైల్వే స్టేషను. 1968లో రైళ్లు ఆగిపోయాయి, పట్టాలు వేసిన దారి మీద ఇప్పుడు బస్సులు, మాక్సీ టాక్సీలు నడుస్తున్నాయి. తెల్లటి వ్యాను మీద ఎర్ర చార ఉంటే తూర్పు వైపు, ఆకుపచ్చ చార ఉంటే చగ్వానస్ మీదుగా దక్షిణానికి, పసుపు చార ఉంటే పట్టణం, దాని పశ్చిమ శివార్లు. అక్కడి నుంచి పడమరగా వెళితే టొబాగో ఫెర్రీ ఎక్కే రేవు వస్తుంది. చిన్న ద్వీపాల నుంచి సరుకుల పడవలు వచ్చే చోటు కూడా ఆ చుట్టుపక్కలే ఉంది. పొద్దున్నే బయలుదేరే ఫెర్రీ అందుకోవాలన్నా, అర్ధరాత్రి పడవ దిగి నడుం వాల్చాలన్నా ఇక్కడ గది కావాలి.

పక్క గదిలో సెయింట్ విన్సెంట్ ద్వీపం నుంచి వచ్చిన ఒక వ్యాపారి ఉండేది. అరవై ఏళ్లు పైబడిన మనిషి. చామదుంపలు, కూర అరటి, చిలగడదుంపలు, అల్లం పడవలో వేసుకుని వచ్చి ఇక్కడి హోల్‌సేల్ వాళ్లకు అమ్ముతుంది. తిరుగు పడవలో బిస్కెట్లు, సబ్బులు, ప్లాస్టిక్ బకెట్లు, కూల్‌డ్రింకులు తీసుకెళుతుంది. తల్లి కూడా ఇదే వ్యాపారం చేసేదట. వరండాలో పర్యాటకుడికి అడ్డం వచ్చిన అట్టపెట్టెలు ఇలాంటివాళ్లవే. అవి అక్కడ ఎందుకుంటాయో ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. సరుకు అమ్మితే చేతికి వచ్చేవి ట్రినిడాడ్ డాలర్లు. ఆ దేశంలో చాలా ఏళ్లుగా విదేశీ మారకానికి కరువుంది. బ్యాంకులో అడిగినంత అమెరికన్ డాలర్లు ఇవ్వరు. స్వదేశంలో చెల్లేవి తూర్పు కరీబియన్ డాలర్లు. కాబట్టి సంపాదించిన డబ్బును సరుకుగా మార్చి ఇంటికి చేర్చడం ఒక్కటే దారి. పడవ వచ్చేదాకా ఆ సరుకు కళ్లెదుట ఉండాలి. సైన్యం వరసకట్టినట్టు ఆమె గది తలుపు నుంచి మెట్లదాకా పేర్చిన ఆ పెట్టెలను నేను ప్రతిరోజూ పక్కకు ఒదిగి దాటేవాణ్ని. ఒక్కో పెట్టెకు నైలాను తాడు రెండు వరసలు, తాడు ముడి కింద మడిచిన అట్టముక్క, చేతిలో పట్టుకుంటే వేళ్లు కోసుకోకుండా ఉండడానికి. పెట్టె మీద నల్లటి మార్కర్‌తో ద్వీపం పేరు, మనిషి పేరు, పక్కన చిన్న గీతలతో అందులో ఎన్ని డజన్లు ఉన్నాయో లెక్క. ఆమె దాచుకున్న సొమ్మంతా అందులోనే ఉంది.

టొబాగో నుంచి వైద్యానికి వచ్చినవాళ్లు మరికొందరు. ఆ ద్వీపంలో ఆసుపత్రి ఉన్నా, కొన్ని పరీక్షలకు, కొందరు నిపుణులకు రాజధానికి రాక తప్పదు. భర్తకు జనరల్ ఆసుపత్రిలో పరీక్షలు జరుగుతుంటే కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. క్వీన్స్ పార్క్ వెస్ట్‌లోని అమెరికా రాయబార కార్యాలయంలో పొద్దున్నే వీసా ఇంటర్వ్యూ ఉందని ముందురోజు రాత్రి దిగిన కుర్రవాడు కాగితాల ఫైలు గుండెలకు హత్తుకుని రిసెప్షన్ దగ్గరే కూర్చున్నాడు. జనరేటర్లు బాగుచేసే మెకానిక్కులు, ఓడ మారుతున్న నావికులు కూడా కనిపించారు. ఇలాంటి చోటు తెలుగువాళ్లకు కొత్త కాదు. విశాఖపట్నంలో కె.జి.హెచ్. చుట్టుపక్కల లాడ్జిల్లో శ్రీకాకుళం నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి వచ్చిన రోగుల బంధువులు కిరోసిన్ స్టవ్వులతో సహా దిగి ఉండడం చూస్తూ పెరిగినవాణ్ని. ఆ లాడ్జికి వెళ్లి రామకృష్ణా బీచ్ కనిపించడం లేదని ఎవరూ ఫిర్యాదు చేయరు.

గది, దాని ఖరీదు

గది చిన్నది. అద్దపు పలకల కిటికీ, దాని బయట ఇనప చువ్వలు, ఒక మంచం, ఒక టేబుల్ ఫ్యాను, గోడకు ఏసీ. తలుపు వెనక అంటించిన కాగితం మీద నియమాలున్నాయి. గదిలో వంట చేయకూడదన్నది మొదటిది. స్టవ్వు వెలిగించకుండా ఎలా తినాలన్న ప్రశ్నకు జవాబు వీధిలో ఉంది.

టిఫిన్ పెట్టలేదన్న ఫిర్యాదుకు నేను ఒప్పుకోలేనిది ఇక్కడే. పొద్దున ఆరు కాకముందే హోటలుకు రెండు వీధుల అవతల డబుల్స్ అమ్మే ఆయన పెట్టె తెరిచేవాడు. పసుపు కలిపిన పిండితో నూనెలో వేయించిన మెత్తటి పూరీలాంటి బారాలు రెండు కాగితం మీద ఒకదాని అంచు మీద మరొకటి వేసి, మీద గరిటెతో ఉడికించిన శనగలు, దోసకాయ కోరు, చింతపండు పచ్చడి, అడిగినంత కారం వేసి, కాగితం రెండు చివర్లు పట్టుకుని ఒక్క విసురుతో మెలిపెట్టి చేతిలో పెట్టేవాడు. అంతా కలిపి పది సెకన్లు పట్టదు. 1930ల్లో ప్రిన్సెస్ టౌన్‌లో భారత సంతతి కుటుంబం ఒకటి మొదలుపెట్టిన తిండి అది, ఇప్పుడు దేశమంతా అదే తింటుంది. రేవు కూలీ, బ్యాంకు గుమాస్తా, ఆసుపత్రి నర్సు, నా పక్క గది వ్యాపారి ఒకే వరసలో నిలబడి తినేవారు. హోటల్లో టిఫిన్ పెడితే గది అద్దె పెరుగుతుంది, ఈయనకు గిరాకీ తగ్గుతుంది. టిఫిన్ లేకపోవడం ఆ వీధితో హోటలుకు ఉన్న ఒప్పందంగా నేను చూస్తాను.

అద్దె సంగతి చెప్పాలి. నేనిచ్చింది రోజుకు నాలుగు వందల పైచిలుకు ట్రినిడాడ్ డాలర్లు, అంటే సుమారు 60 అమెరికన్ డాలర్లు. విజయవాడ బస్టాండు దగ్గర ఆ డబ్బుకు ఎంత పెద్ద గది వస్తుందో ఆలోచిస్తే దీన్ని చవక అనడానికి మనసొప్పదు. కానీ అక్కడ పరుపు నుంచి కుళాయి దాకా ఓడలో దిగిందే ఎక్కువ. పైగా గది మీద పది శాతం హోటలు పన్ను, 12.5 శాతం వ్యాట్. సహజవాయువు పుణ్యమా అని కరెంటు మాత్రం పొరుగు ద్వీపాల కంటే చాలా చవక. బుకింగ్ వెబ్‌సైటు ద్వారా వచ్చిన అతిథి మీద సుమారు 15 శాతం కమిషను పోతుందని, అది విదేశీ డబ్బులో కట్టవలసి రావడమే తనకు పెద్ద కష్టమని యజమాని చెప్పాడు. సెయింట్ విన్సెంట్ వ్యాపారిని పెట్టెలతో వరండాలో కూర్చోబెట్టిన డాలరు కరువే ఆయన్నీ బాధిస్తోంది. నేను వెబ్‌సైటులో బుక్ చేసుకున్నాను, ఆమె ఫోను చేసి వచ్చింది. కమిషను పోగా నా అద్దెలో ఆయనకు మిగిలేది తగ్గుతుంది, అయినా నాలాంటివాళ్ల మార్కులే ఆయన్ని జాబితాలో పైకీ కిందికీ జరుపుతాయి.

నీళ్ల గొడవ

ఇంతవరకు రాసింది చదివితే, పేదవాళ్లు దిగే చోట లోపాలుంటే భరించాలని నేను అంటున్నట్టు కొందరికి అనిపించవచ్చు. ఈ అనుమానం నాకే వచ్చింది. సౌకర్యాల గురించి అడగడం పర్యాటకుడి డాబు, సర్దుకుపోవడం పనివాడి గుణం అని అనుకోవడంలో ఒక క్రూరత్వం ఉంది. అక్కడి ఒక ఉదయం ఆ ఆలోచనను నా బుర్రలోంచి పూర్తిగా తుడిచేసింది.

ట్రినిడాడ్‌లో చాలా ప్రాంతాలకు నీటి సరఫరా వంతులవారీగా ఉంటుంది. అందుకే ఇళ్ల మీద, పక్కన నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులు కనిపిస్తాయి. హోటలు డాబా మీద కూడా రెండు ఉన్నాయి. ఆ రోజు మోటారు చెడిపోయి మూడో అంతస్తుకు నీళ్లు ఎక్కలేదు. నేను బాటిల్ నీళ్లతో ముఖం కడుక్కుని బయటికి వచ్చేసరికి వ్యాపారి రిసెప్షన్ బల్ల ముందు నిలబడి ఉంది. కౌంటరు కుర్రవాడు ఆమెను టాంటీ (మన అత్తా, పిన్నీ లాంటి పిలుపు) అని పిలుస్తూ, ప్లంబరు వస్తున్నాడని చెబుతున్నాడు. ఆమె గొంతు పెంచలేదు. తాను ఈ హోటలుకు ఎన్నేళ్లుగా వస్తోందో, ఇంతకుముందు మోటారు ఎప్పుడు చెడిందో, అప్పుడు బాగుచేసింది ఎవరో, ఆ మనిషి ఏ భాగం మార్చకుండా వదిలేశాడో వరసగా చెప్పింది. పొద్దున పది గంటలకు హోల్‌సేల్ వ్యాపారి దగ్గరికి చెమట వాసనతో వెళితే ధర తగ్గించి అడుగుతాడని, నీళ్లు తన వ్యాపారంలో భాగమని చెప్పింది. తొమ్మిదిలోగా నీళ్లు రాకపోతే ఈ రాత్రి అద్దె ఇవ్వనని, ఈసారి పడవలో వచ్చే మరో నలుగురిని వేరే చోటికి తీసుకెళతానని కూడా చెప్పింది. యజమాని పది నిమిషాల్లో కిందికి దిగి వచ్చాడు. పైకి బకెట్లు మోసిన ఇద్దరిలో ఆయన ఒకడు. తొమ్మిదిన్నరకు మోటారు నడిచింది.

ఏ పర్యాటకుడి రివ్యూ కన్నా ఆ ఫిర్యాదు పదునైనది. సముద్రం కనిపించలేదని గాని, వీధిలో చప్పుడని గాని ఆమె ఒక్క మాట అనలేదు. శుభ్రమైన నీళ్లు, గట్టి తాళం, పెట్టెలు పెట్టుకునే చోటు, తెల్లవారుజామున లేపే మనిషి ఆమె కొలతలు. వాటిలో ఏది తగ్గినా ఆమె సహించదు. ఆ రోజు నుంచి నా అభిప్రాయం కొంత మారింది. చవక హోటలుకు కొలతలు ఉండకూడదని నేననడం లేదు. అందులో ఎక్కువ రాత్రులు గడిపేవాళ్ల కొలతలే దానికి ముఖ్యమైన కొలతలు కావాలంటున్నాను. వాళ్లు తమ ఫిర్యాదును బల్ల ముందు నిలబడి నోటితో చెబుతారు, లేదా మరుసటిసారి రావడం మానేస్తారు. నక్షత్రాలు ఇచ్చేది ఇక ఎప్పటికీ తిరిగి రాని మనం.

భయం సంగతి

దీనికి ఎదురు వాదన ఒకటి గట్టిగా ఉంది, తేలిగ్గా కొట్టిపారేయలేనిది. సుమారు 14 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో 2024లో హత్యలు 600 దాటాయి. ఆ ఏడాది డిసెంబరు 30న ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 2025 జూలైలో మళ్లీ ప్రకటించవలసి వచ్చింది. ఎక్కువ హింస ముఠాల మధ్య, కొన్ని పేటలకు పరిమితమై జరుగుతున్నా, రాజధాని తూర్పు భాగం వాటిలో ఒకటి. నేను దిగిన వీధి అక్కడికి మరీ దూరం కాదు. ఇటువంటి చోట ఊరు తెలియని మనిషికి ముందుగా హెచ్చరిక అందాలంటే, అపరిచితులు రాసిన రివ్యూలు కాక వేరే ఆధారం ఏముంది అని నా స్నేహితురాలు అడిగింది. ఒంటరిగా ప్రయాణించే స్త్రీగా ఆమెకు ఆ రివ్యూలు ప్రాణరక్షణ లాంటివి. ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. వీధి ఎలా ఉంటుంది, రాత్రి తలుపు దగ్గర మనిషి ఉంటాడా, తాళం సరిగా పడుతుందా అన్న సమాచారం ఎవరు రాసినా మేలే.

నేను చెప్పగలిగింది అక్కడ చూసిన సంగతి ఒక్కటే. చీకటి పడ్డాక నేను బయటికి వెళ్లబోతుంటే కౌంటరు కుర్రవాడు ఎక్కడికని అడిగేవాడు. చెప్పాక, నడవవచ్చో లేదో చెప్పేవాడు. షార్లట్ స్ట్రీట్ దాటి తూర్పుకు చీకటిలో వద్దనేవాడు. నంబరు ప్లేటు హెచ్ అక్షరంతో మొదలయ్యే కారే అనుమతి ఉన్న టాక్సీ అని, పి అక్షరంతో ఉన్నది సొంత కారని, తెలియని ఊళ్లో దాన్ని ఎక్కవద్దని నేర్పాడు. అరియాపిటా ఎవెన్యూకు వెళ్లిన రాత్రి తిరుగు ప్రయాణానికి డ్రైవరును ఆయనే కుదిర్చాడు, నేను వచ్చేదాకా గేటుకు లోపలి గొళ్లెం వేయలేదు. పెద్ద హోటల్లో ఇంతకన్నా ఎక్కువ మంది కాపలాదారులున్నారు. కానీ నేను ఎక్కడికి వెళుతున్నానని వాళ్లెవరూ అడగలేదు, అది వాళ్ల పని కాదు. ఏ జాబితాలోనూ ఈ సేవకు ఒక గడి లేదు. ఉచిత వైఫైకి ఉంది.

ఈ రేవులో దిగినవాళ్లు

ఆ కౌంటరు కుర్రవాడితో మాటల్లో, నాది ఆంధ్ర అని చెప్పినప్పుడు, తన ముత్తవ్వది మద్రాసు ఓడ అని చెప్పాడు. 1845 మే 30న ఫాతెల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి ఒప్పంద కూలీలను ట్రినిడాడ్‌కు తెచ్చింది. 1917 దాకా వచ్చిన దాదాపు 1,44,000 మందిలో అధిక సంఖ్యాకులు ఉత్తరాది వారు. మద్రాసు రేవు నుంచి వచ్చిన చిన్న భాగంలో తమిళులతోపాటు తెలుగువారు కూడా ఉన్నారు. పట్టణానికి పశ్చిమాన సెయింట్ జేమ్స్ పేటలో ఢిల్లీ, కలకత్తా, మద్రాసు పేర్లతో వీధులు ఇప్పటికీ ఉన్నాయి.

నాకు అక్కడ ఎక్కువ ఆసక్తి కలిగించింది ఆ మనుషులు మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారన్న విషయం. 1866 నుంచి ఓడ దిగిన కూలీలను రేవుకు పడమరగా సింధుశాఖలో ఉన్న నెల్సన్ ద్వీపానికి తీసుకెళ్లి, వైద్య పరీక్షలు చేసి, కోలుకున్నాక చెరకు తోటలకు పంపేవారు. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ వాళ్లు అప్పుడప్పుడు అక్కడికి పడవలో తీసుకెళతారు, నేను వెళ్లి చూశాను. పొడవాటి రాతి గోడల మధ్య అందరినీ కలిపి ఉంచిన షెడ్డులు మిగిలి ఉన్నాయి. పని కోసం సముద్రం దాటి వచ్చినవాడికి ఆ కాలంలో ఈ రేవు ఇచ్చిన వసతి అది. తాళం వేసుకునే తలుపు, తన పేరు మీద ఒక గది, నచ్చకపోతే అద్దె ఇవ్వనని నిలదీసే హక్కు ఆనాటి కూలీకి లేవు. ఆ చరిత్ర తెలిసిన రేవులో, పనికి వచ్చిన మనిషి డబ్బిచ్చి తాళంచెవి తీసుకోగలిగే గదిని నేను చిన్న విషయంగా చూడలేకపోతున్నాను.

ఫోను మీద ఇచ్చే గదులు

వెళ్లే ముందు యజమానితో చాలాసేపు మాట్లాడాను. రెండు నక్షత్రాల రివ్యూలు తనకు కొత్త కాదన్నాడు. వాటిని చూసి మారిన హోటళ్లు వుడ్‌బ్రూక్ వైపు కొన్ని ఉన్నాయట. వరండాలు ఖాళీ చేయించి, గోడలకు చిత్రాలు తగిలించి, టిఫిన్ కలిపి, అద్దె దాదాపు రెట్టింపు చేశారు. వాళ్లకు మార్కులు పెరిగాయి. టొబాగో రోగులు, పడవ వ్యాపారులు అక్కడికి వెళ్లడం మానేశారు. ఆ యజమానులను తాను తప్పు పట్టనని, తనకూ అప్పులున్నాయని ఆయన చెప్పాడు. నేను కూడా వాళ్లను తప్పు పట్టలేను. పన్ను, కమిషను, పరుపు ధర పెరుగుతుంటే ఎక్కువ ఇచ్చేవాణ్ని వెతుక్కోవడం ఏ వ్యాపారికైనా సహజం. ఊరి పెద్ద పండుగ కార్నివాల్ వారంలో ఊరంతా అదే చేస్తుంది. ఆ పండుగ జరిగే సోమవారం, మంగళవారాల కోసం ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు, చిన్న గెస్ట్ హౌసు కూడా ఐదారు రాత్రులు కలిపి ఒకేసారి బుక్ చేసుకోవాలంటుంది. ఆ వారం తన పాత అతిథులు తామంతట తామే రారని ఆయన చెప్పాడు.

మిగతా ఏడాదికి మాత్రం ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పై అంతస్తులో మెట్ల పక్కన ఉన్న కొన్ని గదులను వెబ్‌సైటులో పెట్టడు. పుస్తకంలో రాసుకున్న నంబర్ల నుంచి ఫోను వస్తేనే ఇస్తాడు. అద్దె మనకన్నా కొంత తక్కువ. సామాను పడవ వచ్చేదాకా వరండాలో ఉండవచ్చు. ఫెర్రీ రద్దయితే మరో రాత్రి ఉండవచ్చు, డబ్బు వచ్చే వారం ఇవ్వవచ్చు. ఆ పుస్తకం నాకు చూపించాడు. అట్ట ఊడిపోయిన పొడవాటి లెడ్జరు, ఒక్కో పేరు పక్కన ద్వీపం, మనిషి ఏ రోజుల్లో వస్తుందో, ఎవరికి కింది అంతస్తు కావాలో, ఎవరిని తెల్లవారుజామున నాలుగింటికి లేపాలో నీలం ఇంకుతో రాసి ఉంది.

ఈ పద్ధతి వల్ల నష్టమేనని ఆయన కొడుకు అంటాడట. గదులన్నీ వెబ్‌సైటులో పెట్టాలని, వరండా ఖాళీ చేయించాలని, అప్పుడే మార్కులు నాలుగుకు చేరతాయని ఆ అబ్బాయి లెక్క చూపించాడు. లెక్క సరైనదేనని తండ్రి కూడా ఒప్పుకున్నాడు. వచ్చే ఏడాది హోటలు కొడుకు చేతికి ఇస్తున్నానని, ఆ గదుల సంగతి మాత్రం ఇద్దరి మధ్య ఇంకా తేలలేదని చెప్పాడు. ఇక్కడ దాని పేరు రాస్తే, నన్ను చదివి అక్కడికి వెళ్లే ప్రతి తెలుగు పర్యాటకుడూ ఆ అబ్బాయి లెక్కకు బలం చేకూర్చినవాడవుతాడు. అందుకే రాయలేదు.